ఉడకేసిన చెనక్కాయలు

అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లా.
మిషను బంగళాలో రెండు గదులు,
గదికొక దొరసాని,
మధ్య వంటింట్లో మా నాయన దేవసహాయం,
ఆయన కాళ్ళకి అడ్డం పడుతూ నేను.

మాకిద్దరూ అమెరికావాళ్ళే.
తెల్లగా ఉంటే అంతా ఒక ఊరే అనుకునే రోజులు.
వాళ్ళు మాత్రం అట్టా అనుకోలేదు.

ఉత్తరం గది హార్లో దొరసానిది.
వెర్మాంటంట, ఆర్నెల్లు మంచు కింద పడుండే చోటంట.
మాటలు కూడా అక్కడ చలికి ముడుచుకుంటాయేమో,
"టీ." "తలుపు." "ఆలస్యం."
నా పేరు తుంచి నోట్లో వేసుకునేది, స్లోమ్ అని.
కోడి కుయ్యకముందే ఆస్పత్రి గేటు తీసేది.
గడియారం ఆమెకి భయపడి నడిచేది.

దక్షిణం గది టాల్బర్టమ్మది.
జార్జియా. పత్తి పండే ఎర్రనేల.
పామూరు రోడ్డులో మన్ను చూసి
వచ్చిన రోజే బండి ఆపించి గుప్పెడు తీసుకుందంట.
ఆమె నోట్లో నా పేరు సా... లో... మీ...
ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టు సాగేది.
మందు చీటీ రాసేముందు
మీ అమ్మకి నడుం నొప్పి తగ్గిందా, మేక ఈనిందా,
అన్నీ అడిగేది.
ఈలోగా వరుసలో చివరివాడు
ఎండకి కూలబడేవాడు.

వంటలో నాయనకి ఆమెతోనే పొత్తు కుదిరింది.
బెండకాయని మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించడం,
మజ్జిగలో రొట్టె నానేసుకోవడం,
గరిటె నిలబడేంత చక్కెర పోసిన టీ.
ఒకరోజు పొయ్యి మీద
ఉప్పేసి ఉడకేసిన చెనక్కాయల దాక చూసి
గడప మీద కూర్చుని ఏడ్చింది,
మా అమ్మమ్మ అట్టాగే చేసేదని.
హార్లో దొరసాని ఒక కాయ వొలిచి చూసి
"వేయించడం మరిచారు" అని పక్కన పెట్టింది.

తాతల కాలంలో ఆ రెండు దిక్కులూ కొట్టుకున్నాయంట.
ఒకటే యుద్ధం, దానికి రెండు పేర్లు.
ఓ రాత్రి ఆ పేర్ల మీదే సూపు చల్లారిపోయింది.
ఈమె తాత కాలు అక్కడ పోయింది,
ఆమె అవ్వ ఇల్లు అక్కడ తగలబడింది.
నాయన తలుపు చాటున నిలబడ్డాడు,
ఎవరి గిన్నె ముందు తీయాలో తెలీక.

నేను టాల్బర్టమ్మ పక్షం.
జడకి రిబ్బను కట్టింది ఆమె,
జ్వరమొస్తే రాత్రంతా నుదుట తడిగుడ్డ మార్చింది ఆమె.

ఎవరు మంచోళ్ళు నాయనా, అనడిగా.
చూరులోంచి సత్తు గ్లాసు దించాడు.
"ఇది నాది. టాల్బర్టమ్మ కొనిచ్చింది,
పేరు కూడా చెక్కించింది పాపం.
బీరువాలో గాజు గ్లాసులు వేరే.
మీ తాత గ్లాసు కూడా ఇట్టాగే
రెడ్డిగారి చూర్లో ఉండేది.
ఏరా అబ్బయా, పిల్లలు బాగుండారా అని అడిగి
పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు.
అందుకే ఈమె మాట నాకు చప్పున అర్థమైంది."

మరి ఆ దొరసాని?
"మొదటి క్రిస్మస్‌కే పక్కన కుర్చీ లాగింది,
తను తాగే గ్లాసుల్లోనే పోసిచ్చింది.
పదకొండేళ్ళయింది.
నాకెంతమంది బిడ్డలో ఇంతవరకూ అడగలా."

అని, గిన్నెలు బోర్లించాడు.

ఇద్దరూ వెళ్ళిపోయాక
ఉత్తరం నుంచి ఏటా ఒక ఉత్తరం,
రెండే వాక్యాలు, మడతలో నా నర్సింగు ఫీజు.
దక్షిణం నుంచి ఎనిమిది పేజీలు,
చచ్చిపోయిన మేకని పేరుపెట్టి అడుగుతూ.
రెండూ నా ట్రంకుపెట్టెలో ఒకే తాడుతో కట్టున్నాయి.

జిల్లా మారింది.
ఎక్కడో కాగితం మీద గీత జరిగింది,
మా ఊరి టీకొట్టు చూర్లో గ్లాసులు జరగలేదు,
చాలా ఏళ్ళు.

చెనక్కాయలు ఉడికే వాసనకి ఇప్పటికీ
ఆ గడప మీద ఏడుపు గుర్తొచ్చి
గొంతు పట్టుకుంటుంది నాకు.
పొయ్యి తగ్గించి మంచినీళ్ళు తాగుతాను,
గాజు గ్లాసుతో.